ఖాళీ తేనెపెట్టె చెప్పే పాఠం

కోల్పోయినదాన్ని తిరిగి నిలబెట్టుకోవాలనుకోవడం మానవ సహజం. కాని అది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా మళ్ళీ ప్రారంభించడం వివేకం కాదు. పెరటిలో తేనెటీగలను పెంచేవారి విషయంలో ఈ మాట అక్షరసత్యం. ఒక ఏడాది ఈగలన్నీ నశిస్తే కొందరు నిరుత్సాహంతో ఆ పనికే స్వస్తి చెబుతారు. మరికొందరు వెంటనే కొత్త ఈగలను కొనితెచ్చి అదే పెట్టెలో ఉంచుతారు. ఈ రెండు మార్గాలూ సరైనవి కావని నా అభిప్రాయం.

దక్షిణ భారతదేశపు అనుభవమే ఇందుకు నిదర్శనం. తమిళనాడులోని మార్తాండం ప్రాంతంలోనూ, కేరళలోనూ, కర్ణాటకలోని కొడగులోనూ ఎందరో చిన్న రైతులు దేశవాళీ తేనెటీగలను పెంచి జీవనం సాగించేవారు. 1976లో థాయిలాండ్‌లో తొలిసారి గుర్తించిన ‘థాయి సాక్‌బ్రూడ్’ అనే వైరస్ వ్యాధి 1991-92 సంవత్సరాలలో ఈ ప్రాంతాలను చుట్టుముట్టింది. ఈ వ్యాధి సోకిన పిల్లపురుగులు నీరు నిండిన సంచుల వలె మారి మరణిస్తాయి. కొత్త తరం పుట్టక తేనెటీగల కుటుంబం క్షీణిస్తుంది. ఆనాడు నూటికి తొంభైకి పైగా కుటుంబాలు నశించాయని అంచనా. ఈ వ్యాధిని నయం చేసే మందు నేటికీ లేదు.

ఆ తరువాత కొందరు ఐరోపా జాతి తేనెటీగలను ఆశ్రయించారు. అవి తేనెను అధికంగా ఇస్తాయి. అయితే వర్రోవా అనే నల్లి వాటిని పీడిస్తుంది. దేశవాళీ ఈగలు తమ శరీరం మీది నల్లిని తామే పట్టి తొలగించుకుంటాయి. ఐరోపా ఈగలకు ఆ నేర్పు తక్కువ. మరికొందరు వ్యాధిని తట్టుకొని మిగిలిన దేశవాళీ కుటుంబాలనే విభజించి వృద్ధి చేశారు. ఇది నిదానమైన మార్గమే. ఉపాధి కోల్పోయినవాడు అంతకాలం ఎలా వేచి ఉంటాడన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా అంతటి విపత్తును తట్టుకొన్న వంశానికి ఉన్న శక్తి డబ్బు పెట్టి కొంటే లభించేది కాదు.

పెరటిలో పునఃప్రారంభించేవారు ముందుగా ఖాళీ పెట్టెను పరిశీలించాలి. వాకిట ఈగలు కుప్పలుగా చచ్చిపడి ఉంటే పురుగుమందును అనుమానించాలి. పట్టులో చుక్క తేనె కూడా లేకుంటే ఆకలి కారణం కావచ్చు. పూలు లేని వర్షాకాలానికి ముందు తేనెనంతా పిండుకొన్నవారికి ఈ నష్టం తప్పదు. మైనపు పురుగు కనిపించగానే దానినే దోషిగా నిర్ణయించరాదు. బలహీనపడిన కుటుంబంలోనే అది విజృంభిస్తుంది కనుక, ఆ బలహీనతకు మూలాన్ని వెదకాలి. వ్యాధి అనుమానం ఉంటే పాత పట్టును తీసివేసి, పెట్టెను శుభ్రపరచి ఎండబెట్టాలి. రెండు కుటుంబాలతో ప్రారంభించడం మేలు. ఒకదానితో మరొకదాన్ని పోల్చి చూసినప్పుడు లోపం త్వరగా బయటపడుతుంది.

పెరటి తేనెటీగలు యజమానికి తేనెనివ్వడమే కాక, ఇరుగుపొరుగు పాదులకూ చెట్లకూ పరాగసంపర్కం చేస్తాయి. కనుక ఒక పెట్టె ఖాళీ అయితే నష్టం ఒక ఇంటితో ఆగదు. మళ్ళీ ఈగలను తెచ్చేవారు పెరటిలో మునగ, తులసి వంటివి నాటి, పూత సమయంలో పురుగుమందు చల్లవద్దని పొరుగువారిని కోరాలి. ఈగలు రాకముందే ఈ సన్నాహం పూర్తి కావాలి. శ్రద్ధతో కూడిన ఇటువంటి ప్రయత్నానికి నేటి యువతరం పూనుకోవాలి.