పరుగుకు చెవులెందుకు?

తెల్లవారుజామున ఖమ్మం లకారం ట్యాంక్‌బండ్ మీద పరుగెత్తేవాళ్ల చెవులు చూడండి. చాలామందికి ఇయర్‌బడ్స్ ఉంటాయి. వాటిలోంచి రన్నింగ్ యాప్‌లోని ఎక్కడివాడో ఒక కోచ్ ‘ఇంకో నిమిషం గట్టిగా... ఇక తగ్గించు... భుజాలు వదులు చెయ్’ అంటూ ఉంటాడు. అననివ్వండి. నా గొడవ ఆ గొంతుతో కాదు, ఆ గొంతు లేకపోతే ట్రైనింగే లేదనే మాటతో. పోయిన వానాకాలం నా కుడిచెవికి బూజు పట్టింది. నయమయ్యేదాకా చెవిలో ఏదీ దూర్చొద్దన్నాడు డాక్టరు. సంగతి చెబితే, తోడు పరుగెత్తే కుర్రాడు జాలిగా అడిగాడు: “అయితే ఇగ ట్రైనింగ్ బందేనా అన్నా?” నాది కొన్ని వారాల ముచ్చట. పుట్టుకతోనే వినపడనివాళ్లనూ, ఇల్లెందు, కొత్తగూడెం గనుల్లో డ్రిల్లింగ్ మోతకు చెవులు అప్పజెప్పి రిటైరైనవాళ్లనూ ఇదే మాట అడిగితే అది జాలి కాదు, గ్రౌండ్ బయటే నిలబెట్టడం.

అసలు ఆ గొంతులో సరుకెంతో తూకం వేద్దాం. అరగంట పాఠంలోంచి శభాష్‌లు, సంగీతం, కోచ్ గారి సొంత కబుర్లు తీసేస్తే మిగిలేది ఇది: పది నిమిషాలు మెల్లగా, ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా, ఇలా ఎనిమిదిసార్లు, చివర ఐదు నిమిషాలు నడక. బాల్‌పెన్నుతో రాస్తే అరచేతిలో సగం కూడా నిండదు. నిమిషం అయిందో లేదో చెప్పడానికి చేతి గడియారం చాలు. చూడ్డానికి బద్ధకమైతే వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను పిడికిట్లో జుయ్యిమంటుంది. పరుగులో ఇయర్‌ఫోన్ల ఊసే లేని 1930ల్లో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మర్ తన రన్నర్లను అడవి దారుల్లోకి తోలి, వేగం పెంచుతూ తగ్గిస్తూ పరుగెత్తించాడు. ‘ఫార్ట్‌లెక్’ అని పేరు పెట్టాడు. స్వీడిష్‌లో వేగంతో ఆట అని అర్థం. మనకేం చెట్లకు కరువా? భద్రాచలం దారిలో ఆ తునికి చెట్టు దాకా లాగించి, ఈ ఇప్పచెట్టు దాకా ఊపిరి తీసుకుంటే ఏ యాప్ అడ్డొచ్చింది?

పందేలు పెట్టేవాళ్లే చెవిని నమ్మరు. స్టాప్‌వాచ్‌తో టైం తీసే ఏ పీఈటీ సారునైనా అడగండి. వంద మీటర్ల పందెంలో ఫినిష్ లైన్ దగ్గర నిలబడ్డవాడు తుపాకీ మోత విని బటన్ నొక్కకూడదు, పొగో మెరుపో కనపడగానే నొక్కాలి. మోత వంద మీటర్లు దాటి వచ్చేసరికి దాదాపు 0.3 సెకన్లు గడిచిపోతాయి. ఆ కాస్తలోనే పతకం ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి పోతుంది. లెక్క తేల్చే చోట చెవి సాక్ష్యం చెల్లదన్నమాట. బధిరుల ఒలింపిక్స్‌వాళ్లు అదే బుద్ధితో పరుగు మొదలుపెట్టే చోట రంగు దీపాలు పెట్టారు. ఆ పోటీలు నిన్నమొన్నటివి కావు. పారాలింపిక్స్ 1960లో వస్తే ఇవి 1924లోనే పారిస్‌లో మొదలయ్యాయి. బరిలోకి దిగేటప్పుడు వినికిడి యంత్రం తీసేయాలన్నది అక్కడి నిబంధన. 2022లో బ్రెజిల్‌లో జరిగినప్పుడు కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ షేక్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం, హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ షూటింగ్‌లో స్వర్ణం తెచ్చారు. ట్రైనింగ్ బంద్ అని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

‘ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్లు వచ్చాయిగా’ అంటారు కొందరు. వచ్చాయి. నాలాంటివాడికి పనికొస్తాయి కూడా. చెవి రంధ్రం మూయకుండా చెంప ఎముకకు ఆనించుకుంటే కంపనం నేరుగా లోపలి చెవికి చేరుతుంది. కర్ణభేరికి చిల్లి ఉన్నా ఫరవాలేదు. కానీ గని మోత చంపేది ఆ లోపలి చెవిలోని రోమకణాలనే. ఊరే మునిగాక రోడ్డు వేసి ఏం లాభం?

చెవులు నిక్షేపంగా ఉన్నంత మాత్రాన అందరికీ ఆ గొంతు అందుతోందా? దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ పిల్లవాడి చెవిలో అమెరికా ఇంగ్లీషు పోస్తే ఆ పూటకు వాడూ బధిరుడే. నల్లబల్ల మీద గీసిన బొమ్మ, సారు చేతి సైగ వాడికీ, వినపడనివాడికీ ఒకేసారి అర్థమవుతాయి.

‘సరే, గట్టిగా అంటే ఎంత గట్టిగా? ఆ మాట ఎవరు చెబుతారు?’ ఇది కాస్త బరువున్న ప్రశ్నే. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ శ్రమకు 6 నుంచి 20 దాకా అంకెలు పెట్టాడు. పదితో హెచ్చిస్తే ఉజ్జాయింపుగా గుండె వేగం వస్తుందని ఆ వింత లెక్క. మన వైపు అంతకన్నా దగ్గరి కొలత ఉంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడూ ఊరంతా కనిపెట్టుకుని ఉన్నది ఆ నీటిమట్టం అంకెనే. పరుగులో నేను పెట్టుకున్న గుర్తులూ ఇవే. ముక్కుతోనే ఊపిరి ఆడుతుంటే ఇంకా 43 లోపు. నోరు తెరిస్తే మొదటిది దాటినట్టు. అడుగులు లెక్కపెట్టడం కష్టమవుతుంటే రెండోది. లెక్కే తప్పిందా, మూడోది, ఇక తగ్గాలి. మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది మెల్లని పరుగని కోచ్‌లు చెప్పే పరీక్ష సైగలతో మాట్లాడేవాళ్లకు సాయపడదు. ఈ ఊపిరి లెక్కకు ఏ భాషా అక్కర్లేదు.

వినపడనివాడు అడవి దారిలో పరుగెత్తితే ప్రమాదం కదా? ప్రమాదమే. వెనక బొగ్గు లారీ, పొదలో ఎలుగుబంటి అలికిడి తెలియవు. అందుకే బాగా వెలుగొచ్చాక బయల్దేరాలి, ఎదురొచ్చే బండి కనపడేలా రోడ్డుకు కుడిపక్కన పోవాలి, వెంట ఒకరుంటే మేలు. అయితే ఈ సుద్దులు చెప్పే మనిషి రెండు చెవుల్లోనూ బిరడాలుంటే నవ్వొస్తుంది. అది డబ్బిచ్చి కొనుక్కున్న చెవుడు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. లారీల మోతను మించాలని వాల్యూం పెంచేవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే పిల్లలతో నాది ఒకటే పోరు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అన్నారు. 400 మీటర్ల ట్రాక్ మీద మగపిల్లలకు రౌండుకు 108 సెకన్ల చిల్లర. ఆ 108 కాలికి తెలియాలి. పరీక్ష రోజు చెవిలో ఎవరూ ఉండరు.

గొంతులో తోడు ఉంటుంది, కాదనను. ఒంటరిగా లాగేటప్పుడు ఒక శభాష్‌కు విలువుంది. ఆ విలువ ట్రాక్ పక్కన చెయ్యి ఊపే మనిషిలోనూ ఉంది. యాప్ చేసేవాళ్లు పాఠమంతా ముందే ఒక పేజీలో రాసివ్వాలి, ‘గట్టిగా’కు ఒక రకం వైబ్రేషన్, ‘మెల్లగా’కు ఇంకో రకం పెట్టాలి. ఊళ్లో పరుగులు నిర్వహించేవాళ్లు మైకులో అరవడంతో పాటు ఒక జెండా కూడా ఊపాలి. దానికి జానెడు గుడ్డ చాలు.

చెవి బాగుపడింది, ఇయర్‌బడ్స్ మాత్రం డబ్బాలోనే ఉన్నాయి. మొన్న అరచేతిలో ఎనిమిది గీతలు గీసుకుని బయల్దేరాను. ఒక్కో పరుగు కాగానే ఒక్కో గీత కొట్టేయడం. ఆరో పరుగు దగ్గర చెమటకు సిరా చెదిరిపోయింది. తొమ్మిది తీసి ఉంటాను.