సూదికి బదులు మాత్ర

పుట్టిన ఆరు మాసములలోపలనే మధుమేహము సోకు శిశువులు కొందరు కలరు. పెద్దలకు వచ్చు మధుమేహముతో పోల్చినచో వీరి సంఖ్య స్వల్పము. సుమారు లక్ష జననములకు ఒకటి యని వైద్యులు చెప్పుచున్నారు. అయినను ఏటేట రెండు కోట్లకు పైగా శిశువులు జన్మించు మన దేశమున ఆ ఒక్కటియే వందలకు పెరుగును. 2004 వరకు ఈ పసికందులకు బ్రతుకు పొడుగునను ఇన్సులిను సూది తప్ప వేరు గతి లేకుండెను. నేడు వారిలో అనేకులకు స్వల్పమైన వెలకు దొరకు ఒక మాత్ర చాలును. ఈ మార్పు ఎట్లు వచ్చినదో మన పాఠకులు తెలిసికొనవలసియున్నది. ఇందు ఒక ఆంధ్రుని కృషికిని సంబంధము కలదు.

ఫ్రాన్సిస్ ఆష్‌క్రాఫ్టు 1952లో జన్మించిన ఆంగ్ల విదుషీమణి. కేంబ్రిడ్జిలో విద్య నేర్చి, పిదప ఆక్సుఫర్డున స్థిరపడి, ఆమె తన జీవితమును ప్రధానముగా ఒక్క ప్రశ్నకే ధారవోసెను. మనము భుజించినంతనే రక్తమున చక్కెర పెరుగును. క్లోమమునందలి బీటాకణములు ఇన్సులినును విడుచును. చక్కెర పెరిగిన సంగతి ఆ కణమునకు ఎట్లు తెలియును?

మన రైతులకు తూము సంగతి చెప్పనక్కరలేదు. బీటాకణము పొరలోను అతి సూక్ష్మములైన తూములు కలవు. వాని గుండ పొటాషియము వెలికి పారుచున్నంతకాలము కణము ఊరకుండును. చక్కెర లోనికి వచ్చి దగ్ధమైనప్పుడు ఎ.టి.పి. యను శక్తిద్రవ్యము హెచ్చి ఆ తూమును మూసివేయును. పొటాషియము పోక నిలిచినంతనే పొర యొక్క విద్యుత్స్థితి మారును. వేరొక తూము తెరచుకొని కాల్షియము లోనికి చొచ్చును. అప్పుడు ఇన్సులిను బయటపడును. చక్కెర తగిలినప్పుడు పొటాషియపు తూములు మూతపడుటను ఆష్‌క్రాఫ్టు సహచరులతో గూడి 1984లో లోకమునకు వెల్లడించెను. ఎ.టి.పి. స్వయముగా వానిని మూయునని కుక్, హేల్సు అను వారు ఆ సంవత్సరమే చూపిరి. ఒకనాటి రాత్రి ఒంటరిగా ప్రయోగశాలలో నుండగా ఈ సత్యము గోచరించినదనియు, తెల్లవారినంతనే తాను పొరబడితినేమో యని శంక పుట్టినదనియు ఆమెయే చెప్పుకొన్నది. తన కన్నులనే శంకించి మరల పరీక్షించుకొను ఈ గుణము మన సభావేదికలపై అరుదుగా కానవచ్చుచున్నది.

ఇక ఆ ఎ.టి.పి. సంగతి. దానిని 1929లో జర్మనీయందు లోమన్ కనుగొనెను. అదే సంవత్సరమున, ఆయనతో సంబంధము లేకయే, అమెరికాలో ఫిస్కే అను ఆచార్యునితో గూడి దానిని కనుగొన్నవాడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1923లో బోస్టను చేరునాటికి చేత ధనము లేదు. మామగారి ద్రవ్యమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధివారి సహాయ వాగ్దానమును ఆయనకు దారి చూపినవి. ఇన్సులిను రహస్యమునకు ఆ ద్రవ్యము తాళపుచెవి యగునని ఆ ధర్మకర్తలు కలనైనను ఎరుగరు. ఎరుగకయే సాయపడిరి.

మాత్ర కథ మరియొక తీరు. 1942లో ఫ్రాన్సునందలి మోపెల్యే నగరమున జాన్‌బో అను వైద్యుడు సన్నిపాత జ్వరమునకు ఒక గంధక సంబంధమైన ఔషధమును వాడి చూడగా రోగుల రక్తమున చక్కెర పడిపోయెను. అందుండి పుట్టిన మాత్రలను మధుమేహులు దశాబ్దములుగా వాడుచున్నను అవి ఎట్లు పనిచేయునో తెలియకుండెను. అవి మూయునది ఆ పొటాషియపు తూమునే యని 1985లో తేలెను.

2004లో ఎక్సెటరు నగరపు వైద్యుడు హాటర్స్‌లీ బృందమును, ఆష్‌క్రాఫ్టును, మరికొందరును గూడి, శైశవ మధుమేహమున అనేకులకు ఈ తూమును నిర్మించు జన్యువునందే దోషమున్నదని కనుగొనిరి. ఎ.టి.పి. ఎంత యున్నను వారి తూము సరిగా మూతపడదు. ఇన్సులిను కణమున నిండుగా నున్నను వెలువడదు. అట్లయిన పాత మాత్రతో మూయరాదా? 2006లో ప్రకటింపబడిన పరిశీలనలో 49 మందికి మాత్ర నొసగగా 44 మంది ఇన్సులినును పూర్తిగా మానివేయగలిగిరి.

తూమును చూచుటకును బిడ్డకు సూది తప్పుటకును నడుమ ఇరువది యేండ్లు గడచెను. "ఎలుక కణములతో మాకేమి లాభము?" అని మూడవయేటనే ఒక కోశాధికారి అడిగియుండిన ఈ ఫలము దక్కెడిది కాదు. మన దేశమున పరిశోధనకు వినియోగించు ధనము జాతీయోత్పత్తిలో నూటికి ఒక వంతైనను లేదు. ప్రభుత్వమును నిందించి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. సత్రములు కట్టించిన చేతులు, దేవాలయములకు మాన్యము లిచ్చిన చేతులు మన జిల్లాలలో నేటికిని కలవు. ఒక విద్యార్థిని పదియేండ్లు ఒక్క ప్రశ్నతో కూర్చుండనిచ్చు నిధి ఎన్ని పట్టణములలో కలదో ధనికులు లెక్కించుకొందురు గాక.

తక్షణము చేయవలసిన దొకటి కలదు. ఆరు మాసములలోపల మధుమేహము కనబడిన ప్రతి శిశువునకు జన్యుపరీక్ష జరుగవలయును. చెన్నపట్నమునందలి మద్రాసు మధుమేహ పరిశోధనా సంస్థవారు ఇట్టి పరీక్షలు జరిపి శిశువులను మాత్రకు మార్చినారు. సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. వంటి శాస్త్రాలయములు హైదరాబాదుననే యున్నవి. ఉభయ తెలుగు రాష్ట్రముల వైద్యశాఖలు ప్రతి జిల్లా ఆసుపత్రికి ఈ మేరకు ఉత్తర్వు పంపి, బీదల పరీక్షకగు వ్యయమును తామే భరింపవలయును.

మాత్ర అందరికిని పనిచేయు దివ్యౌషధము కాదు. మేనరికములు హెచ్చుగా గల సమాజములలో వేరు జన్యువుల దోషములు ఎక్కువగా బయటపడుచున్నవి. అట్టి వారిలో పలువురికి సూది తప్పదు. కావుననే పరీక్ష వలయునని మేము పట్టుపట్టుచున్నాము. ఎప్పుడో సూది మొదలిడి నేడు పదియేండ్ల వాడైన బాలుడైనను సరే, వ్యాధి ఆరు మాసములలోపల మొదలైన యెడల పరీక్ష చేయింపవచ్చును. ఫలితము వచ్చి వైద్యుడు చెప్పువరకు మాత్రము తలిదండ్రులు ఒక్కపూటయైనను ఇన్సులిను మానరాదు.