కుస్తీ ప్రశ్నలు మనకెందుకట?

"శుభ్రంగా పూజలూ పచ్చళ్ళూ చూసుకోక, ఆడవాళ్ళకి ఈ వస్తాదుల గొడవ ఎందుకండీ?" అని మన నిడదవోలులో ఎవరైనా అంటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది. నవ్వెందుకంటే, ఇది కాకతీయ రుద్రమదేవికి అత్తవారి ఊరు. ఆవిడ భర్త చాళుక్య వీరభద్రుడు ఇక్కడివాడే. కత్తి పట్టి రాజ్యమేలిన కోడలుగల ఊళ్ళో, కుస్తీ గురించి నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పడం ఆడదానికి తగదనడం చోద్యం కాదూ!

పిల్లల ఫోన్లలో ఈ ఆటలు మీరూ చూసే ఉంటారు. ఒక్కొక్క ఆధారమే ఇస్తారు: ఫలానా ఏడు, ఫలానా ఊరు, ఫలానావాడితో తలపడ్డాడు, ఎవరతను? అని. ఒక్కోసారి సగం బొమ్మ చూపించి పేరు చెప్పమంటారు. ఒకప్పుడు వారపత్రికలో పదబంధ ప్రహేళిక ముందేసుకుని "అడ్డం పదకొండు" కోసం అన్నం చల్లారబెట్టుకున్న ఇల్లాళ్ళం మనం. అది సరస్వతీ కటాక్షమూ, ఇది పనికిమాలిన వ్యవహారమూ ఎలా అయ్యాయో ఎవరైనా చెబితే వింటాను.

"అదంతా ఉత్తుత్తి కుస్తీ కదండీ, ఎవడు గెలవాలో ముందే రాసుకుంటారట" అంటారు. నిజమే. ఆ అమెరికా కంపెనీవాళ్ళే 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో "మాది పోటీ కాదు, వినోదం" అని ఒప్పేసుకున్నారు. అయితే? రాయబారానికి వెళ్ళిన కృష్ణుడు సంధి చేసుకురాడని మనకి ముందే తెలియదా? తెలిసీ తెల్లవార్లూ కూర్చుని పద్యనాటకాలు చూసిన జిల్లాలు కావూ ఇవి? ఏ నటుడు ఏ పద్యం ఎలా ఎత్తుకున్నాడో నలభై ఏళ్ళ తర్వాత చెప్పగలిగిన తాతగారు రసికుడు. ఏ వస్తాదు ఎవరిని ఎప్పుడు పడగొట్టాడో చెప్పిన మనవడు మాత్రం వెధవ! ఇదేం న్యాయం?

అసలు ఈ ఆటలో పైకి రావాలంటే బట్టీ పనిచెయ్యదు. మనకి తెలిసినదానికి తెలియనిది ముడివెయ్యాలి. రెజిల్‌మేనియా అని ఏటా పెద్ద తిరనాళ్ళలా చేస్తారు. మొదటిది 1985లో. కాబట్టి ఎన్నోదో చెబితే దానికి 1984 కలపండి, ఏడు వచ్చేస్తుంది. హల్క్ హోగన్ కొండలాంటి ఆంద్రే ది జెయింట్‌ను ఎత్తి పడేసింది మూడోదాంట్లో, అంటే 1987. అండర్‌టేకర్ ఆ వేదిక మీద వరసగా 21 గెలిచి, బ్రాక్ లెస్నర్ చేతిలో మొట్టమొదటిసారి ఓడింది ముప్ఫయ్యోదాంట్లో, అంటే 2014. మనవాళ్ళకి ఇంకా సులువు. గోదావరికి మహా వరద వచ్చిన 1986 మర్చిపోతామా? రెండోది ఆ యేడే. కోనసీమని తుఫాను ఊడ్చేసిన 1996 గుర్తుందా? పన్నెండోది అప్పుడే. పురుళ్ళనీ పెళ్ళిళ్ళనీ వరదలతో, తుఫానులతో లెక్కపెట్టుకునే ఆడవాళ్ళకి ఈ విద్య ఒకరు నేర్పాలా?

రెండో కిటుకు, అసలు పేర్లు. గామా అంటే గులాం మహమ్మద్. గ్రేట్ ఖలీ అంటే హిమాచల్ నుంచి వెళ్ళిన దలీప్ సింగ్ రాణా. 2007లో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. టీవీ రామాయణంలో మనం దణ్ణం పెట్టుకున్న హనుమంతుడు దారాసింగ్ 1968లో బొంబాయిలో లూ థెజ్‌ను ఓడించినవాడే. ఒక పేరు వెనకాల ఇంకో పేరుంటుందని పిల్లలకి తెలియడం మంచిదేగా!

ఇక "మగపిల్లల గొడవ" అనేవారికి ఒక్క ప్రశ్న. హమీదా బాను ఎవరు? 1954లో "నన్ను ఓడించినవాణ్ణే పెళ్ళాడతా" అని సవాలు చేసి, బాబా పహిల్వాన్‌ను 1 నిమిషం 34 సెకన్లలో మట్టి కరిపించిన మహాతల్లి. మన హైదరాబాదులో, గచ్చిబౌలి స్టేడియంలో, 2023 సెప్టెంబరు 8న జరిగిన కుస్తీల్లో జాన్ సీనా ఒక్కడే కాదు, రియా రిప్లీ, నటాల్యా అనే ఇద్దరు ఆడవాళ్ళూ ఛాంపియన్ పట్టం కోసం తలపడ్డారు. బరిలోకి దిగడానికి లేని అడ్డు జవాబు చెప్పడానికి వచ్చిందా?

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఈ ఆటల్లో తరచుగా వచ్చేవి అమెరికా పేర్లే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కసు పెట్టి, ఊపిరి బిగించి గొలుసులు తెంపి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు ఎవరని అడిగితే మన పిల్లల్లో ఎందరు చెబుతారు? ఆయన 1942లో పోయారు. ఆయన్ని మనకి గుర్తుచెయ్యడం పరాయి దేశపు ఆటవాడి బాధ్యత కాదు, మనదే.

రోజంతా ఫోను పట్టుకుంటే కళ్ళూ పోతాయి, చదువూ పోతుంది, కాదన్ను. అరగంట అని గడియారం పెట్టండి. కానీ ఆ అరగంటా ఫోను లాక్కుని అరిచేకంటే, పక్కన కూర్చుని ఓ జవాబు చెప్పి చూడండి. పద్నాలుగేళ్ళ కొడుకు అమ్మతో మాట్లాడ్డం తగ్గించేస్తాడు. అన్నం పెట్టేటప్పుడు "ఊఁ", "ఉహూఁ" తప్ప నోట మాటుండదు. అలాంటివాడు "నీకెలా తెలుసమ్మా?" అని తలెత్తి అడిగితే, ఆ అరగంట వృథా అన్నవాళ్ళతో నేను వాదించను. ఆ తర్వాత మీరే ఓ కాగితం మీద పది ప్రశ్నలు రాసి వాడికివ్వండి. మొదటి ప్రశ్న రామ్మూర్తి నాయుడిది, రెండోది హమీదా బానుది. మిగతా ఎనిమిదీ అమెరికావాళ్ళవైనా నాకభ్యంతరం లేదు.