వాడకు సోదా, ఊరికి కాపలా

మొన్న తెల్లారగట్ల మా వాడను పోలీసులు చుట్టుముట్టారు. కార్డన్ సెర్చ్ అట! నేరాలు జరక్కుండా ముందుజాగ్రత్త అట! ఇల్లిల్లూ సోదా చేశారు. కాగితాల్లేవని కూలికెళ్లే బండ్లు పట్టుకుపోయారు. పెద్దకులాల వీధిలో ఒక్క గడపా తొక్కలేదు. అక్కడి బండ్లన్నిటికీ కాగితాలున్నాయా?

ఆరోజు బళ్లో ఐదో తరగతి పిల్లోడు అడిగాడు: "సార్, దొంగలు మన వాడలోనే ఉంటారా?" వాడికి జవాబు పోలీసులే చెప్పాలి.

ఎరుకల లాంటి జాతులనే పుట్టు నేరస్తులన్న తెల్లోడి చట్టం 1871లో వచ్చి 1952లో రద్దయింది. చట్టం పోయింది, చూపు పోలేదు.

మనకు కాపలా కావాల్సినప్పుడు వీళ్లేం చేశారు? 1991 ఆగస్టు 6న చుండూరులో, పోలీసులు ఊళ్లో ఉండగానే, 8 మంది మనవాళ్లను చంపేశారు. ఇవాళ్టికీ మనం ఫిర్యాదు పట్టుకెళ్తే స్టేషన్లో వినబడే మాట "రాజీ పడండి".

అన్నలారా, అక్కలారా! రాజీ కాదు, ఎఫ్.ఐ.ఆర్. అడగండి. అత్యాచారం, కులం పేరుతో దాడి లాంటి నేరం చెబితే కేసు కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టకపోతే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపండి. అట్రాసిటీ కేసును కావాలని తొక్కిపెట్టే దళిత, ఆదివాసీయేతర అధికారికి 1989 చట్టం 4వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు ఉంది.

అయ్యా పోలీసులూ! మా తలుపు తట్టే ముందు, మా ఫిర్యాదుకు మీ స్టేషన్ తలుపు తెరవండి.

జై భీమ్!