‘వల్ల’ తెలిసిన పిల్లలకు ‘బికాజ్’ కష్టం కాదు

మన బడుల్లో పిల్లలు ఇంగ్లీషులో సొంతంగా రాసే మొదటి రాత చాలాసార్లు సెలవు చీటీయే. అందులో రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి. ‘బికాజ్ ఆఫ్ ఐ హ్యాడ్ ఫీవర్’ అని ఒకరు రాస్తారు. ‘యాజ్ ఐ హ్యాడ్ ఫీవర్, సో ఐ డిడ్ నాట్ కమ్’ అని మరొకరు రాస్తారు. ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టేస్తారు. అది చూసిన తల్లిదండ్రులు ‘తెలుగు మీడియంలో వేసినందువల్లే మా బిడ్డకు ఇంగ్లీషు రావడం లేదు’ అనుకుంటారు. వచ్చే జూన్‌లో ఆ బిడ్డ పేరు మన హాజరు పట్టీలో ఉండదు.

ఆ నిర్ణయానికి ముందు, అసలు ఆ తప్పు ఎలా జరుగుతుందో చూడాలని మేము కోరుతున్నాము.

‘జ్వరం వల్ల రాలేదు’ అంటాం. ‘జ్వరం రావడం వల్ల రాలేదు’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘వల్ల’ ఒకటే. ఇంగ్లీషు ఇక్కడ రెండు దారులు పెట్టింది. కారణం ఒట్టి పేరు అయితే ‘బికాజ్ ఆఫ్’ రావాలి: ‘బికాజ్ ఆఫ్ ఫీవర్’. కారణం జరిగిన సంగతి అయితే, కర్తా క్రియా ఉన్న వాక్యం చెప్పి దాని ముందు ‘బికాజ్’ పెట్టాలి: ‘బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్’. ‘డ్యూ టు’ కూడా ‘బికాజ్ ఆఫ్’ లాగే పేరునే కోరుతుంది. పిల్లవాడు ఒక్క ‘వల్ల’కు ఒక్క ఇంగ్లీషు మాట వెతుక్కున్నాడు. అది తెలివితక్కువతనం కాదు. తేడా ఎవరూ విప్పి చెప్పలేదు, అంతే.

పైగా ఇది తెలుగు పిల్లల చిక్కు మాత్రమే కాదు. కన్నడంలో ‘మళెయింద’, ‘మళె బందిద్దరింద’ రెండింటికీ ‘ఇంద’ ఒక్కటే. తమిళంలో ‘మళైయాల్’, ‘మళై పెయ్దదాల్’ రెండింటికీ ‘ఆల్’ ఒక్కటే. మరాఠీలో ‘పావసాముళే’, ‘పాఊస్ పడల్యాముళే’ అంటారు. ఒడియాలో ‘బర్షా జోగుఁ’, ‘బర్షా హేబా జోగుఁ’ అంటారు. హోసూరులోనైనా, షోలాపూర్‌లోనైనా, బరంపురంలోనైనా పక్క బడిలో రాష్ట్ర భాషలో చదివే పిల్లలకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. కాబట్టి నింద తెలుగుది కాదు.

మందు కూడా మన భాషలోనే ఉంది. ఉపాధ్యాయులు నల్లబల్ల మీద ‘వల్ల’ ఉన్న అయిదు తెలుగు వాక్యాలు రాయండి. ‘వల్ల’కు ముందు ఉన్నది పేరా, జరిగిన పనా అని పిల్లలనే అడగండి. వర్షం, బంద్, జ్వరం అంటే పేర్లు. పడటం, ఆగిపోవడం, రావడం అంటే పనులు. పేరైతే ‘బికాజ్ ఆఫ్’, పనైతే ‘బికాజ్’. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా ఇంట్లో ఈ ప్రశ్న అడగగలరు. ఇంగ్లీషు పాఠంలో తల్లిదండ్రులకు ఇలా చోటు దొరకడం చిన్న విషయం కాదు.

రెండో తప్పుకూ ఇదే దారి. ‘జ్వరం వచ్చినందువల్ల కాబట్టి రాలేదు’ అని చదివి వినిపిస్తే తరగతి అంతా నవ్వుతుంది. కారణం ఒక్కసారి చెబితే చాలని ఆ పిల్లలకు ముందే తెలుసు. ‘యాజ్’ లేదా ‘బికాజ్’ పెట్టిన వాక్యంలో మళ్లీ ‘సో’ వద్దనడానికి అంతకు మించిన వివరణ అక్కర్లేదు. పెద్ద తరగతుల్లో ‘రిజల్ట్ ఇన్’ తర్వాత ఫలితం, ‘రిజల్ట్ ఫ్రమ్’ తర్వాత కారణం రావాలన్నదీ ఇలాగే చెప్పవచ్చు. మొదటిది ‘దారితీసింది’, రెండోది ‘వల్ల కలిగింది’.

ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినిపించకూడదన్న పట్టుదల కొన్ని బడుల్లో ఉంది. దాన్ని సడలించాలని మా అభిప్రాయం. ఇంగ్లీషు వినడం, మాట్లాడటం తప్పక పెరగాలి. కానీ తేడా చెప్పాల్సిన చోట తెలుగును బయట నిలబెడితే పిల్లలకు మిగిలేది బట్టీ మాత్రమే.

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన 350-ఏ అధికరణం చెబుతోంది. ఆ సౌకర్యం నిలవాలంటే తరగతిలో పిల్లలు ఉండాలి. పిల్లలు ఉండాలంటే ఈ బడిలో ఇంగ్లీషు బాగా వస్తుందన్న నమ్మకం తల్లిదండ్రులకు కలగాలి. ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాదు, దిద్దిన సెలవు చీటీతో వస్తుంది.

‘తెలుగులో చదివినందువల్ల ఇంగ్లీషు రాలేదు’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కారణమే తప్పు. పిల్లల ‘బికాజ్’తో పాటు పెద్దలమైన మన ‘వల్ల’ను కూడా సరిచూసుకుందాం.