మన బండి – మన జాగ్రత్త

"నడుంనొప్పి ఉన్న అత్తగారితో కారులో పెళ్ళికి వెళ్ళాలి. మావాడు రబ్బరు బుష్షులు తీయించి పాలీయురిథేన్‌వి వేయిద్దామంటున్నాడు. మంచిదేనా?" అని ఒక సోదరి అడిగారు.

మోకాలికి గుజ్జు ఎలాగో, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ములకు బుష్షు అలాగమ్మా. అది అరిగితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగవచ్చు. మార్చాల్సిందే.

పాలీయురిథేన్ గట్టిది. మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది. కానీ రోడ్డు అదురు సీటుదాకా వస్తుంది. తగిన గ్రీజు పూయకపోతే కిర్రుమంటుంది.

అత్తగారు కూర్చునే బండికి కంపెనీ రబ్బరే మేలు. బోల్టులు మాత్రం చక్రాలు నేలకు ఆనాకే పూర్తిగా బిగించమనండి. జాకీమీద బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఏది వేసినా వీల్ అలైన్‌మెంట్ చేయించాకే పెళ్ళికి బయలుదేరండి.