కాటుక పెట్టుకుంటే అబ్బాయి కాకుండా పోతాడా?

పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించిన బిడ్డ పాతికేళ్లు వచ్చాక ‘నేను అబ్బాయిని’ అన్నాడనుకోండి. ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, కోప్పడతారు, కొన్నిచోట్ల ఏదో ఒకరోజుకి కాస్త సర్దుకుంటారు. ‘చిన్నప్పటి నుంచీ మగరాయుడే కదా, ప్యాంటూ చొక్కాలే అడిగేవాడు, వీధిలో క్రికెట్ ఆడేవాడు’ అని తమకు తామే నచ్చజెప్పుకుంటారు. అదే అబ్బాయి చిన్నప్పుడు బొమ్మల పెళ్లిళ్లు చేసినవాడైతే? నాట్యం నేర్చుకుని, ఇప్పటికీ కాటుక దిద్దుకుని, జుట్టు భుజాల దాకా పెంచుకుని, పూల చొక్కాలు ఏరి కొనుక్కునేవాడైతే? అప్పుడు మనసున్న మనుషులు కూడా ఒక మాట అనేస్తారు. ‘ఇవన్నీ ఇష్టమే అయినప్పుడు ఆడపిల్లగానే ఉండిపోవచ్చు కదా, ఈ యాతనంతా ఎందుకు?’

వెటకారానికి అడిగేవాళ్లను పక్కన పెడదాం. నిజంగా అర్థంకాకే ఈ మాట అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో డాక్టర్లు కూడా ఉంటారు. ఇంట్లో అడిగితే మనసు నొచ్చుకుంటుంది. కన్సల్టేషన్ గదిలో అడిగితే వైద్యమే దెబ్బతింటుంది. అందుకే ఇది ఆరోగ్య పేజీలో మాట్లాడుకోవాల్సిన విషయం.

ట్రాన్స్‌జెండర్ అనగానే మనలో చాలామందికి కళ్ల ముందు మెదిలేది ట్రాన్స్ మహిళలే. ఆడపిల్లగా పుట్టారని లోకం అనుకున్నా తమను పురుషుడిగా ఎరిగినవాళ్లు, అంటే ట్రాన్స్ పురుషులు, మన కంటికి పెద్దగా ఆనరు. ఆనినప్పుడు కూడా గడ్డం, కండలు, బుల్లెట్ బండి ఉన్న బొమ్మనే ఊహించుకుంటాం. ఆ బొమ్మకు సరిపోని ట్రాన్స్ పురుషుడికి రెండు వైపులా దెబ్బే. నిన్నటిదాకా ఆడపిల్లవంటూ కట్టడి చేసినవాళ్లే ఇవాళ ‘ఆడంగి’ అని నవ్వుతారు.

తాను ఎవరన్నది ఒక సంగతి. ఎలా కనిపించడం ఇష్టమన్నది ఇంకో సంగతి. ఎవరిమీద మనసు పడుతుందన్నది మూడోది. మామూలు మగవాళ్ల విషయంలో ఈ తేడా మనకు ఎప్పుడో తెలుసు. స్థానం నరసింహారావు రంగస్థలం మీద సత్యభామగా నిలబడితే ఆంధ్రదేశం చేతులు జోడించింది, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ జడ వేసుకుని భామాకలాపం ఆడితే ఆయన మగతనం గురించి ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. అది వేదిక మీది వేషం కదా అంటారేమో. వేదిక దిగి చూసినా అంతే. వంట బాగా కుదిరితే నలభీమపాకం అంటాం, ఆ ఇద్దరూ మగవాళ్లే. చెవులకు పోగులు పెట్టుకున్న తాతలు ఎన్ని ఊళ్లలో లేరు! చీరలు నేసేవాళ్లలో, పూలదండలు కట్టేవాళ్లలో, జాకెట్లు కుట్టేవాళ్లలో మగవాళ్లు కోకొల్లలు. వాళ్లెవరినీ ‘నువ్వు నిజంగా మగవాడివేనా’ అని నిలదీయం. ట్రాన్స్ పురుషుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాటుక గీత కూడా సాక్ష్యమైపోతుంది.

మరి బాధ ఎక్కడుంది? చాలామందికి అది గుడ్డల్లోనూ గాజుల్లోనూ లేదు. ఛాతీలో ఉంటుంది, నెలసరిలో ఉంటుంది, ఫోన్‌లో తన గొంతు విని అవతలివాళ్లు ‘చెప్పండి మేడమ్’ అనడంలో ఉంటుంది. తెలుగులో ఇదొక విచిత్రం. ‘నేను వచ్చాను’ అన్నంతసేపూ ఆడా మగా తెలియదు. అవతలివాళ్లు నోరు విప్పి ‘అది వచ్చింది’ అనగానే గుచ్చుకుంటుంది. చీర కట్టే నాట్యం ఇష్టమైన అబ్బాయికి కూడా ‘ఏమే’ అన్న పిలుపు ఒంటిమీద తేలు పాకినట్టు ఉండొచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయంటే, మిగతా మగవాళ్లలో ఎలా ఉంటాయో అలాగే.

వైద్యశాస్త్రం కూడా ఈ మాటే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పును 2019లో ఆమోదించారు, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఈ స్థితిని ‘జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్’ అన్నారు. మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు. పెద్దగా ప్రచారానికి రాని ఒక వాక్యం కూడా అక్కడ ఉంది. వేషభాషలూ ఇష్టాలూ సమాజం అనుకున్నదానికి భిన్నంగా ఉన్నంత మాత్రాన ఈ నిర్ధారణ చేయకూడదన్నది దాని సారాంశం. అంటే ప్యాంటు వేసుకునే అమ్మాయిని అందుకే ట్రాన్స్ పురుషుడు అనకూడదు. ముగ్గులంటే ఇష్టపడే అబ్బాయిని అందుకే ట్రాన్స్ మహిళ అనకూడదు. ఇష్టాలు నిర్ధారణకు ఆధారం కానప్పుడు, నిర్ధారణను కొట్టేయడానికి మాత్రం ఎలా ఆధారమవుతాయి? ఈ రెండో సగమే మనవాళ్లు మరిచిపోతారు.

వైద్యులు ఇక్కడిదాకా తేలిగ్గా రాలేదు. అమెరికాలో 1960ల చివర, 70లలో జెండర్ క్లినిక్కులు మొదలైనప్పుడు చికిత్స కోసం వచ్చినవాళ్లు ‘అసలైన’ మగవాడిలా, ‘అసలైన’ ఆడదానిలా కనిపించాలని ఆశించేవాళ్లు. కోరుకున్న జెండర్‌లో పూర్తికాలం బతికి చూపించమనేవాళ్లు. ఆ బతుకు ఎలా ఉంటే చాలన్నది ఎదుట కూర్చున్న డాక్టరు అభిప్రాయాన్ని బట్టే ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే లూ సలివన్ అనే ట్రాన్స్ పురుషుడు తనకు పురుషులంటే ఇష్టమని దాచకుండా చెప్పాడు. 1980లో స్టాన్‌ఫర్డ్ కార్యక్రమం అతన్ని తిరస్కరించింది. మగవాడైతే ఆడదాన్నే ప్రేమించాలి కదా అన్నది ఆనాటి లెక్క. సలివన్ వేరే డాక్టర్ల దగ్గర చికిత్స పొందాడు, వైద్యులతో ఏళ్ల తరబడి వాదించాడు, తనలాంటివాళ్ల కోసం సమాచార పుస్తకం రాశాడు, 1986లో ఒక సంఘం ప్రారంభించాడు. 1991లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అతనిలా నిజం చెప్పలేనివాళ్లు ఏం చేశారు? డాక్టరు వినాలనుకున్న కథ నేర్చుకుని వచ్చి అప్పజెప్పారు. ఆ కథల మీదే కొన్నాళ్లు వైద్య పరిజ్ఞానం కూడా నడిచింది.

ఆ అలవాటు ఇంకా పోలేదు, మన దగ్గరా ఉంది. క్లినిక్‌కి వెళ్లే ముందురోజు జుట్టు కత్తిరించుకోవడం, గోళ్లరంగు తుడిచేసుకోవడం, గొంతు బిగబట్టి మాట్లాడటం. ‘చిన్నప్పుడు బొమ్మలతో ఆడావా?’ అంటే ‘అబ్బే, లేదండీ’ అనడం. దీన్ని మోసం అనకండి, పరీక్ష పెట్టినవాళ్లదే తప్పు. నష్టం మాత్రం రోగికి. ఎలాగో చూడండి.

టెస్టోస్టిరాన్ మొదలుపెడితే గొంతు బరువెక్కుతుంది, మందు ఆపినా మళ్లీ పాత గొంతు రాదు. పాట అంటే ప్రాణమైన అబ్బాయికి తారస్థాయి పోతుందన్న బెంగ ఉంటుంది. ఆ బెంగ డాక్టరుకు చెప్పగలిగితే మోతాదు తక్కువతో, నెమ్మదిగా మొదలుపెట్టడం గురించి మాట్లాడుకోవచ్చు. సంగీతం మాస్టారి దగ్గర కొత్త గొంతును సాధన చేయవచ్చు. ‘ఇది చెబితే నన్ను మగవాడు కాదంటారేమో’ అని నోరు మూసుకుంటే తిరిగిరానిదాన్ని తెలియకుండానే పోగొట్టుకుంటాడు. ఆ పరిస్థితిలో సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రానికి విలువెంత?

జుట్టూ అంతే. వంశంలో బట్టతల ఉంటే ఈ హార్మోనుతో అది పైకి తేలవచ్చు. పొడవు జుట్టు మురిపెంగా పెంచుకున్నవాడికి ముందే తెలియాలి. గడ్డం కొందరికి పండగ, కొందరికి వద్దు. వద్దన్నవాడు తక్కువ మగవాడేమీ కాదు, రోజూ నున్నగా గీసుకునే మగవాళ్లు లేరా! మొహం జిడ్డుకట్టి మొటిమలు రావడం మొదటి ఏడాదిలో మామూలే. మేకప్ వేసుకునే అలవాటు ఉంటే చర్మ రంధ్రాలు పూడుకోని రకాలు వాడాలి, రాత్రి పడుకునేముందు కడిగేసుకోవాలి. మొటిమలు ముదిరితే ఐసోట్రెటినోయిన్ రాస్తారు. గర్భంలో శిశువుకు తీవ్రమైన అవకరాలు తెచ్చే మందు అది. గర్భాశయం ఉన్న ఎవరికి రాసినా గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి. చీటీ మీద ‘పురుషుడు’ అని చూసి స్కిన్ డాక్టరు ఆ మాట అడగకపోతే ప్రమాదం.

దీనికి తోడు ఇంకో అపోహ. టెస్టోస్టిరాన్‌తో సాధారణంగా కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది. ఆగింది కాబట్టి గర్భం రాదనుకోవద్దు, అది గర్భనిరోధకం కాదు. ఈ మందు మీద ఉండగా గర్భం వస్తే శిశువుకు హాని. పురుష భాగస్వామి ఉన్న ట్రాన్స్ పురుషుడికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలంటే, ముందు అతనికి పురుష భాగస్వామి ఉండొచ్చన్న ఊహ డాక్టరుకు రావాలి. ముందుముందు పిల్లలు కావాలనుకుంటే అండాలు దాచుకునే మార్గం గురించి కూడా హార్మోను మొదలుపెట్టక ముందే మాట్లాడుకోవాలి. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం క్యాన్సర్ పరీక్షలూ చేయించుకోవాల్సిందే. గైనిక్ ఓపీ బయట కుర్చీలో కూర్చోవడం ఎంత నరకమైనా సరే.

ఛాతీకి బైండర్ కట్టుకునేవాళ్లకు ఒక ముక్క. రోజుకు ఎనిమిది గంటలు దాటొద్దు, నిద్రపోయేటప్పుడు వద్దు, బెణుకులకు కట్టే సాగుడు బ్యాండేజీ అసలే వద్దు. అది ఊపిరికి తగ్గట్టు సాగక పక్కటెముకల్ని నొక్కేస్తుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ వేసుకోవద్దు. ఈ హార్మోను రక్తంలో ఎర్రకణాల పాలు పెంచుతుంది, రక్తం చిక్కబడుతుంది. అందుకే మొదటి ఏడాది సుమారు మూడు నెలలకోసారి రక్తపరీక్ష కావాలి.

చట్టం సంగతి టూకీగా. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, దానికి సర్జరీ షరతు పెట్టడం చెల్లదనీ 2014లో నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత మగతనం చూపించాలో ఆ తీర్పులో కొలత ఏమీ లేదు. సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉన్నారన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ‘కన్వర్షన్ థెరపీ’ పేరుతో మార్చేస్తామని చెప్పడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని, మద్రాసు హైకోర్టు ఆదేశాల దరిమిలా, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ రాష్ట్రాల వైద్య మండళ్లకు తెలిపింది. కాబట్టి ఎవరైనా ‘నాట్యం ఇష్టం కదా, కొంచెం కౌన్సెలింగ్ ఇస్తే మళ్లీ ఆడపిల్ల అయిపోతుంది’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డాక్టర్లు ఏమీ అడగకుండా మందు రాసేయాలని కాదు. తప్పకుండా అడగాలి. ఈ భావన ఎంతకాలంగా ఉంది, ఒంట్లో ఏది భరించలేకుండా ఉంది, చికిత్స నుంచి ఏం ఆశిస్తున్నాడు, ఏది వద్దనుకుంటున్నాడు, నిద్రా ఆకలీ ఎలా ఉన్నాయి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా. వీటికి తొందరపడకుండా సమయం ఇవ్వాలి. బొమ్మల గురించీ బట్టల గురించీ అడిగే ప్రశ్నలు వీటి చోటును తినేయకూడదు. ఇక రిసెప్షన్‌లో ఎలా పిలవాలో తోచకపోతే మన భాషలోనే ఉపాయం ఉంది. పేరు పక్కన గారు చేర్చి, ‘మీరు’ అని, ‘వచ్చారు, కూర్చున్నారు’ అంటే చాలు, ఎవరికీ నొప్పి తగలదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అబ్బాయి అక్క పెళ్లికి పట్టుచొక్కా వేసుకుని, చేతికి గోరింటాకు పెట్టించుకుంటానంటే ‘చూశావా, మనసు మారింది’ అని ఆశపడకండి. ఆ సాయంత్రం చుట్టాల ముందు ‘అమ్మాయి’ అనేయకండి. ‘ఒరే నాన్నా, ఎర్రగా పండింది రా’ అనండి. అతను బాగా కుంగినట్టు కనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది.

మీరే ఆ అబ్బాయి అయితే, మొదటిసారి ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. ఒకవైపు ఒంట్లో మారాలనుకుంటున్నవి, రెండోవైపు పోకూడదనుకుంటున్నవి రాయండి. గొంతు, జుట్టు, గడ్డం, ఛాతీ, పిల్లలు, దేనికి దానికి విడిగా. వేసుకుంటున్న మందుల పేర్లు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు, రక్తం గడ్డకట్టే సమస్య, బట్టతల ఉంటే ఆ సంగతీ కింద చేర్చండి. వెళ్లేరోజు మీరు ఎప్పుడూ ఎలా తయారవుతారో అలాగే వెళ్లండి. కాటుక తుడుచుకోనక్కర్లేదు.